దక్షిణపు గూట్లో దీపం

ఏమే పూర్ణా, మూతి ముడుచుకుని గోడవేపు తిరిగి పడుకుంటే నాకు తెలీదనుకున్నావా? పొద్దున్న నేను కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత కూడా తియ్యకుండా అలాగే తిరిగొచ్చింది. మీ అమ్మ చూళ్ళేదు, నేను చూశాను. సంగతంతా బాచిగాడు చెప్పాడులే. బళ్ళో నిన్ను దక్షిణాది పిల్ల అన్నారుట. డబ్బాలో పసుపన్నం అని నవ్వారుట. రేపట్నుంచి పులిహోరా వద్దు, జడలో పువ్వులూ వద్దు అన్నావుట. సరే, వద్దంటే వద్దు, ఎవరు కాదన్నారు? ముందు ఇటు తిరుగు. ఒరే బాచీ, ఆ కాలు నా పొట్ట మీంచి తియ్యి. కథ చెప్తాను. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ మొండి ఎద్దులాగా మధ్యలో కూలబడిపోతుంది, ఆనక నన్నని లాభంలేదు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి నాలుగు దిక్కులూ ఉండేవి, అన్ని ఊళ్ళకీ ఉన్నట్టే. కానీ ఆ ఊరి రాజుగారికి మాత్రం మూడే దిక్కులు.

అదేమిటంటావా? చెప్పనీ. ఆ రాజుగారి పేరు చాలా పొడుగు, చెప్పేలోపు మీరు నిద్రపోతారు. ఉత్త రాజుగారు అనుకుందాం. చిన్నప్పుడు ఆయన్ని పెంచిన దాది, దక్షిణం యముడి దిక్కు నాయనా, అన్నం తినకపోతే అటునించి యముడొస్తాడు అని చెప్పిందిట. పిల్లాడు నోరు తెరవకపోతే అదేం చేస్తుంది, దాని బాధ దానిది. కానీ ఆ ముక్క రాజుగారి బుర్రలో మేకులా దిగబడిపోయింది. పెద్దవాడయ్యాడు, పెళ్ళయింది, మీసం వచ్చింది, కిరీటం వచ్చింది, భయం మాత్రం పోలేదు. కోటకి దక్షిణపు తలుపు మూయించేశాడు. దక్షిణపు కిటికీ రాళ్ళతో పూడ్పించేశాడు. దక్షిణంవేపు వంగిందని మామిడికొమ్మ కొట్టించేశాడు. దక్షిణంవేపు చూసి కూసిందని కోడిని కూర చేయించేశాడు. ఆఖరికి దక్షిణానికి తల పెట్టుకోవడానిక్కూడా భయమేసి, ఉత్తరానికి తల పెట్టుకుని పడుకునేవాడుట! ఉత్తరానికి తల పెట్టుకుంటే పీడకలలు కాక ఇంకేం వస్తాయి? తెల్లారేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. ఊ కొడుతున్నారా?

సరే. కొలువు చావిట్లో ఆ కిటికీ పూడ్చాక గోడలో ఇంత గూడు మిగిలింది. అది చీకటిగా ఉంటే యముడొచ్చి అందులో నక్కి కూచుంటాడేమోనని రాజుగారికి ఇంకో భయం పట్టుకుంది. అందుకని ఆ గూట్లో పెద్ద దీపం పెట్టించాడు. చావిడి మొత్తానికి అదే దీపం. ఈ దీపం సంగతి కాస్త గుర్తుంచుకోండి, దీంతో మళ్ళీ పనుంది.

వేసంకాలం వెళ్ళింది. తొలకరి చినుకు పడింది. ఓ సాయంత్రం రాజుగారు కొలువుతీరి, ఈ ఏడు మన రాజ్యానికి అన్నీ శుభాలే అన్నాడో లేదో, దక్షిణపు గోడమీద బల్లి టిక్ టిక్ టిక్ మంది. మనమైతే ఏం చేస్తాం? నేలమీద వేలితో మూడుసార్లు కొట్టి, కృష్ణా కృష్ణా అనుకుని, మన కూరలు మనం తరుక్కుంటాం. రాజుల ఇళ్ళల్లో అలా కుదరదు. అక్కడ ప్రతిదానికీ ఒక మనిషుంటాడు. బల్లి పలుకులకి అర్థం చెప్పడానికి జోగిపంతులని ఒకాయన ఉండేవాడు. బల్లి పలికిన రోజునే ఆయనకి కొలువులో పీట వేసేవాళ్ళుట. పలకని రోజున ఆయన్ని పలకరించే దిక్కుండేది కాదు. మరి బల్లి పలికితే ఊరుకుంటాడా? కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టి, దక్షిణపు గోడ మీంచి పలికింది గనక దక్షిణాదివాళ్ళవల్ల చేటు అన్నాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ టిక్ టిక్ టిక్. మళ్ళీ దక్షిణాదివాళ్ళవల్లే చేటు. ఆ మర్నాడూ అంతే. వరసగా ఏడు సాయంత్రాలు టిక్ టిక్ టిక్. ఇంకేముంది, రాజుగారు మంచం దిగితే ఒట్టు.

ఎనిమిదోనాడు ఊళ్ళో దండోరా వేశారు. డబడబ డబడబ! దక్షిణాదివాళ్ళందరూ ఎనిమిది రోజుల్లో రాజ్యం వదిలి పోవాలహో! పోయినవాళ్ళు మళ్ళీ రాకూడదహో! దాచినవాళ్ళకీ అదే శిక్షహో! డబడబ డబడబ! కింద రాజుగారి ముద్ర.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకి వద్దాం. ఆ ఊళ్ళో తెలికలవీధి అని, నూనె ఆడేవాళ్ళ వీధి ఉంది. ఆ వీధిలో కోటమ్మ అని ఒకావిడ. ఆ ఇంట్లో మూడు ఆగకుండా తిరిగేవి: గానుగ, గానుగ ఎద్దు, కోటమ్మ నాలుక. ఆవిడకి ఒక్కడే కొడుకు, ఓబయ్య. ఎద్దుకి గంతలు కట్టి పొద్దస్తమానం నూనె ఆడేవాడు. కోట దీపాలన్నిటికీ వీళ్ళింటి నూనే. ఓబయ్య పెళ్ళాం నాంచారు. దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న రేవూరు నించి తెచ్చుకున్న పిల్ల. పుట్టింటివాళ్ళదీ గానుగే, కాకపోతే కొబ్బరి గానుగ. పొద్దున్న లేచి నువ్వులు చెరుగుతుంది, మధ్యాన్నం వంట, సాయంత్రం నూనె చెంబు చంకన పెట్టుకుని కోటకి వెళ్ళి దీపాలు వెలిగించి వస్తుంది. పని చేస్తుంటే చప్పుడుండదు. ఇదిగో, మీ అమ్మలా గిన్నెలు ఎత్తి పడెయ్యదు.

అలాంటి కోడల్ని కోటమ్మ ఏమనేదో తెలుసా? పొద్దున్నే గోడమీదినించి వీధంతా వినేలా మొదలుపెట్టేది. దక్షిణాదిదాన్ని తెచ్చుకున్నానమ్మా, పులుసులో చింతపండు గంపలతో పోస్తుందమ్మా, దక్షిణాదివాళ్ళ మాటకి సాగుడెక్కువమ్మా, దక్షిణాదివాళ్ళ జడకి నూనెక్కువమ్మా! నూనె అమ్ముకునే మనిషికి నూనెక్కువైతే ఏం కష్టమో నాకైతే తెలీదు. నాంచారు మర్నాడు పులుసులో ఇంకో రెబ్బ చింతపండు పడేసేది. కోటమ్మ తిట్టుకుంటూనే మూడుసార్లు పోయించుకుని, చెయ్యి నాక్కుంటూ లేచేది. నోటికే ఆ మనిషి. మనసు వెన్న. కానీ వెన్న వీధిలోకి వినపడదు కదమ్మా, నోరే వినపడుతుంది.

నాంచారుకి అప్పుడు ఏడో నెల. నెల తిరిగితే వాళ్ళ నాన్న వచ్చి పురిటికి తీసుకెళ్ళాలి. అలాంటి వేళలో పడింది ఈ దండోరా. వెళ్ళడం అంటే పురిటికి వెళ్ళడం కాదు, మళ్ళీ రాకుండా వెళ్ళడం. మొగుడు కూడా వెళ్ళచ్చుగా అంటావేమో, కోటకి నూనె పోసేవాళ్ళు ఊరు కదలకూడదని ఓబయ్యకి వేరే ఆజ్ఞ. అంటే ఆ పిల్ల ఇటు కడుపుతో ఒక్కత్తీ పోవాలి, అటు పుట్టే బిడ్డ తండ్రి మొహం చూడకూడదు. అదీ సంగతి. బాచీ, ఊ ఏదిరా?

మర్నాడే తలారి గవరయ్య గుమ్మంలో దిగాడు. తలారి అంటే ఊరి కాపలా మనిషి. మంచివాడే, కానీ బుర్ర కాస్త మందం. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అదే ఆయన రోగం. మీ ఇంట్లో దక్షిణాది మనిషుంది కోటమ్మా, పంపించు అన్నాడు. కోటమ్మ చీపురు తిరగేసింది.

"మా కోడలు దక్షిణాదిదని నీకెవడు చెప్పాడ్రా?"

"నువ్వే చెప్పావు కోటమ్మా. రెండేళ్ళనించి, రోజూ పొద్దున్నే, ఆ గోడమీదినించి."

కోటమ్మ చేతిలో చీపురు జారిపోయింది. నోరా, వీపుకి దెబ్బలు తేకే అంటారు చూడండి, ఆవిడ నోరు తన వీపుకి కాదు, కోడలి వీపుకి తెచ్చింది. గానుగ రోలు పక్కన కూలబడి గొల్లుమంది. నా నోరు పడిపోనూ, నా నాలిక్కి వాత పెట్టా, అని నెత్తి కొట్టుకుంది. ఓబయ్య గానుగ వదిలేసి తల్లి దగ్గరికి పరిగెత్తాడు. ఎద్దు ఒక్కటే, దానికేం తెలుసు పాపం, గంతల్లో తిరుగుతూనే ఉంది.

నాంచారు ఏడవలేదు. పిండిచేతులు కడుక్కుని వచ్చింది. అన్నా గవరయ్యా, వెళ్ళమంటే వెళతాను, కానీ దక్షిణాదివాళ్ళందరూ అని కదా ఆజ్ఞ, నన్నొక్కదాన్ని పంపి మిగతావాళ్ళని వదిలేస్తే రేపు నీ పీకమీదికి రాదూ అంది. గవరయ్య పీక తడుముకున్నాడు. మరేం చెయ్యనమ్మా అన్నాడు. తూర్పు మొహం పెట్టి నించో, కుడిచెయ్యి పక్కకి చాపు, ఆ చెయ్యి చూపించేదే దక్షిణం, ఆ చేతి వెంబడే పోయి ఎక్కడ మొదలో ఎక్కడ చివరో చూసి అందర్నీ రాసుకురా అంది. మీరూ రేపు పొద్దున్న సూర్యుడికెదురుగా నించుని చెయ్యి చాపి చూసుకోండి, తప్పదు.

గవరయ్య చెప్పింది చెప్పినట్టు చేసే మనిషని ముందే అన్నానా? తూర్పు మొహం పెట్టాడు, కుడిచెయ్యి చాపాడు. మొహం తిప్పితే దిక్కు మారిపోతుందేమోనని, తిప్పకుండా, అలాగే అడ్డంగా నడుచుకుంటూ బయల్దేరాడు! నవ్వండి, నవ్వండి, ఊరంతా అలాగే నవ్వింది.

ముందు తెలికలవీధి వాళ్ళని అడిగాడు, మీరు దక్షిణాదివాళ్ళా అని. అబ్బే, మేమెందుకవుతాం? అదిగో, ఆ కుమ్మరివీధి వాళ్ళు, వాళ్ళు చేసే కుండ మూతి చూస్తే తెలీడంలా అన్నారు. కుమ్మరివీధి వాళ్ళని అడిగాడు. అబ్బే, మేమెందుకవుతాం? చాకిరేవు వాళ్ళు, ఆ మాటల సాగుడు వినలేదూ అన్నారు. చాకిరేవు వాళ్ళని అడిగాడు. అబ్బే, మేమెందుకవుతాం? ఏటవతల తోటలవాళ్ళు, పెళ్ళిలో పప్పు కంటే ముందు పులుసు పోస్తారు వాళ్ళు అన్నారు. అడ్డంగానే ఏరు దాటాడు. తోటలవాళ్ళని అడిగాడు. అబ్బే, మేమెందుకవుతాం? ఉప్పుమళ్ళ వాళ్ళు, తలగుడ్డ ఎడమకి చుడతారు చూడు అన్నారు. ఉప్పుమళ్ళ వాళ్ళని అడిగాడు. వాళ్ళేమన్నారు? చెప్పండి చూద్దాం. ఆఁ, అదే! అబ్బే, మేమెందుకవుతాం? రేవూరి వాళ్ళు!

రేవూరంటే మన నాంచారు పుట్టిల్లు కదూ. చివరికి దొరికారనుకుని గవరయ్య ఇసకలో అడ్డంగా పరిగెత్తాడు. అక్కడివాళ్ళు పకపకా నవ్వారుట. మేం దక్షిణాదివాళ్ళమేమిటయ్యా, మేం ఉత్తరాదివాళ్ళం, అదిగో ఆ దీవిలో నించుని చూడు, మేమే ఉత్తరానుంటాం అన్నారు. అన్నం పెట్టారు. కూతురి ఊరివాడని తెలిశాక నాంచారు నాన్న కూతురికిమ్మని కజ్జికాయలు కూడా మూటగట్టి ఇచ్చాడు. అవి ఊరికి చేరలేదనుకోండి. అడ్డంగా నడిస్తే ఆకలెక్కువట.

పడవెక్కి దీవికి పోయాడు. దీవిలో మనిషన్నవాడు లేడు. ఇసక, నాలుగు మొగలిపొదలు, ఒక పీత. నువ్వు దక్షిణాదివాడివా అని పీతని అడిగాడు. పీత కాదనలేదు! ఊళ్ళకి ఊళ్ళు తిరిగితే కాదనని ప్రాణి అదొక్కటే. పైగా తనలాగే అడ్డంగా నడిచే మనిషిని అది ఎప్పుడూ చూళ్ళేదేమో, చుట్టమొచ్చాడనుకుని ఎదురొచ్చింది. దాన్ని తాటాకు బుట్టలో పెట్టుకుని, రాజ్యంలో ఉన్న ఏకైక దక్షిణాదివాడు దొరికాడని గవరయ్య వెనక్కొచ్చాడు. వచ్చేసరికి ఏడో రోజు సాయంత్రం. మర్నాడే గడువు.

ఈ లోపల నాంచారు ఖాళీగా కూచోలేదు. రోజూ లాగే కోటలో దీపాలు పెట్టి వస్తోంది. చావిట్లో గూటి దీపం దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ నించుంటోంది, అంతే. అక్కణ్ణించి రాణిగారి గదికి వెళుతుంది. ఆ రాణిగారికి ఒక్కత్తే కూతురు. పెళ్ళిచేసి ఎక్కడో ఉత్తరాన, కొండలవతల రాజ్యానికి పంపారు. ఆ పిల్ల అమావాస్యకొక జాబు రాస్తుంది. తండ్రికి రాసేదాంట్లో అంతా క్షేమం అని రాస్తుంది. తల్లికి రాసేదాంట్లో అసలు సంగతి రాస్తుంది. ఆడపిల్లలంతే కదా. రాణిగారు ఆ జాబు పైకి చదువుకుని కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, నాంచారు దీపంలో నూనె పోస్తూ వినేది. ఆ ఏడో రోజు సాయంత్రం మాత్రం విని ఊరుకోలేదు. రాణిగారి కాళ్ళ దగ్గర కూచుని, అమ్మా, ఆ జాబు ఒక్కసారి చావిట్లో చదివిస్తారా అని అడిగింది. రాణిగారు ఆ పిల్ల మొహం చూసింది, కడుపు చూసింది, జాబు చేతిలోకి తీసుకుని లేచింది.

వాళ్ళిద్దరూ వచ్చేసరికి చావిట్లో సందడిగా ఉంది. గవరయ్య బుట్ట మూత తీసి, ప్రభూ, మొత్తం వెతికాను, వీడొక్కడే అన్నాడు. పీత రాజుగారి సింహాసనం కిందికి అడ్డంగా పరిగెత్తింది. రాజుగారు సింహాసనం మీద కాళ్ళు పైకి పెట్టేసుకున్నాడు! ఇదేమిట్రా అని అరిచాడు. గవరయ్య ఒక్కో వీధీ ఏం చెప్పిందో వరసగా చెప్పుకొచ్చాడు.

అప్పుడు చావిడి గుమ్మంలోంచి ఒక బట్టల మూట లోపలికొచ్చింది. మూట వెనక కోటమ్మ. ఆవిడ అంత మెల్లిగా మాట్లాడడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ప్రభూ, నా కోడలు దక్షిణాదిదని రెండేళ్ళు అరిచింది నేను. అది నా పిల్ల అని మాత్రం ఒక్కనాడూ అరవలేదు. రేపు దాన్ని పంపితే దాంతో నన్నూ పంపండి. దాచినవాళ్ళకీ అదే శిక్షన్నారుగా, నేను దాచాను. కడుపులో పెట్టుకుని దాచాను."

నాంచారు అంతవరకూ ఏడవలేదు కానీ, ఆ మాటకి ఆగలేకపోయింది. అత్తా, ఊరుకో అత్తా అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఉండండి, కాసిని మంచినీళ్ళు తాగనీ.

ఆఁ. రాణిగారు జాబు విప్పి చదివింది. అమ్మా, ఇక్కడ మా అత్తగారు నన్ను పేరుపెట్టి పిలవరు, దక్షిణాది పిల్ల అంటారు. దక్షిణాదివాళ్ళ మాట సాగుతుందిట, జడకి నూనెక్కువట. చింతపండు మొహం చూసి ఆరు నెలలయింది, నోరు చప్పబడిపోయింది, నాన్నకి చెప్పకుండా ఒక ముద్ద పంపించు. ఇదీ జాబు.

రాజుగారి మీసాలు లేచి నించున్నాయి. నా కూతురు దక్షిణాది పిల్లా? ఎవడన్నాడా మాట అని గద్దించాడు. అప్పుడు నాంచారు చేతులు జోడించి, మెల్లిగా ఒకే ఒక్క మాట అడిగింది. ప్రభూ, అమ్మాయిగారు దక్షిణాది పిల్లయితే, మరి అమ్మాయిగారి నాన్నగారో?

సింహాసనం కింద పీత గోళ్ళు టకటకమన్నాయి. రాజుగారు తన ముద్ర వేసిన ఆజ్ఞ తెప్పించుకుని మళ్ళీ చదువుకున్నాడు. దక్షిణాదివాళ్ళందరూ పోవాలి. పోయినవాళ్ళు మళ్ళీ రాకూడదు. గడువు రేపు. చెమటలు పట్టేశాయి. రాజు మాట రాజే తప్పితే ఎలా? నేనెక్కడికి పోనే తల్లీ అన్నాడు. నన్నెక్కడికి పొమ్మన్నారో అక్కడికే ప్రభూ, మా రేవూరు బాగుంటుంది, మా నాన్న అన్నం పెడతాడు అంది నాంచారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, గడుసుదే.

ఏడుపు ఒక్కటే తక్కువ రాజుగారికి. కానీ బల్లి పలికింది కదే, ఏడుసార్లు పలికింది కదే, నేనేం చెయ్యనూ అన్నాడు. దానికోసమే చూస్తోంది నాంచారు. గూట్లో దీపం చేతిలోకి తీసుకుంది. చావిడి అడ్డంగా దాటి ఉత్తరపు గోడ దగ్గర పెట్టింది. అందరూ కాసేపు అలా చూస్తూ ఉండండి అంది. చూశారు. తొలకరి రోజులు కదా, రెక్కల ఉసిళ్ళు దీపం చుట్టూ ముసిరి ఉంటాయి. దీపం పోయేసరికి అవన్నీ దాని వెంబడే ఉత్తరపు గోడకి పోయాయి. ఉసిళ్ళు పోయేసరికి దక్షిణపు గూట్లోంచి బల్లి తల బయటపెట్టింది. బొద్దుగా ఉంది, తినితిని. దూలం ఎక్కింది, దూలమంతా నడిచింది, ఉత్తరపు గోడ దిగింది, గబుక్కున ఒక ఉసిలిని నోట కరుచుకుంది. మింగి, టిక్ టిక్ టిక్ మంది.

"పంతులుగారూ, ఇప్పుడెవరివల్ల చేటండీ?" అన్నాడు రాజుగారు.

జోగిపంతులు వేళ్ళు లెక్కపెట్టబోయి, ఎక్కడిదాకా లెక్కపెట్టాడో మర్చిపోయాడు. భయపడి కిటికీ పూడ్చింది రాజుగారే, భయపడి దీపం పెట్టింది రాజుగారే, దీపానికి పురుగొచ్చింది, పురుగుకి బల్లొచ్చింది, బల్లికి పంతులొచ్చాడు, పంతులుకి దండోరా వచ్చింది! దీంట్లో దక్షిణాదివాళ్ళు చేసిందేమైనా ఉందా? మీరే చెప్పండి.

ముందు రాణిగారు నవ్వింది. తర్వాత గవరయ్య నవ్వాడు, ఎందుకో తెలీకుండానే. ఆఖరికి రాజుగారూ నవ్వాడు. ఆ రాత్రికి రాత్రే కాదు, అప్పటికప్పుడే ఆ ఆజ్ఞా, ఓబయ్యని ఊరు కదలద్దన్న ఆజ్ఞా రెండూ చింపేశాడు. కోట దక్షిణపు తలుపు తీయించాడు, కిటికీలో రాళ్ళు పీకించాడు. పీకగానే సముద్రం మీంచి చల్లటి గాలి చావిట్లోకి వచ్చిందిట. అన్నేళ్ళూ ఆ గాలి గోడ బయటే నించుని ఉంది పాపం. ఆ రాత్రి రాజుగారు దక్షిణానికి తల పెట్టుకుని పడుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నించి అంత నిద్ర పోలేదుట.

జోగిపంతులికి కొత్త ఉద్యోగం ఇచ్చారు. రోజుకో గోడకి దీపం మార్చడం. బల్లి నాలుగు దిక్కులా పలకాలి కదా, ఒకళ్ళకి ఎక్కువా ఒకళ్ళకి తక్కువా కాకుండా. గవరయ్యేమో పీతని మళ్ళీ దీవిలో వదిలి రావడానికి వెళ్ళాడు. ఈసారి మొహం ఎటు పెట్టుకోవాలో నాంచారు చెప్పి పంపించింది. కూతురికి రాజుగారు బండెడు చింతపండు పంపించాడు. ఆ ఉత్తరాది అత్తగారు పులుసు రుచి చూసి, అబ్బే, బాలేదని, మూడుసార్లు పోయించుకుందిట. ఎక్కడైనా అత్తలు అత్తలేనే అమ్మా.

నాంచారుని వాళ్ళ నాన్న వచ్చి, కొత్తగా తెరిచిన దక్షిణపు తలుపులోంచే పురిటికి తీసుకెళ్ళాడు. ఆడపిల్ల పుట్టింది. ఓబయ్య ఎద్దు గంతలు విప్పి, దాన్ని బండికి కట్టి, తల్లిని ఎక్కించుకుని రేవూరు వెళ్ళాడు. అక్కడ దిగిందో లేదో, వీధిలో ఆడంగులంతా మూగి, ఉత్తరాది వియ్యపురాలొచ్చిందర్రా, ఉత్తరాదివాళ్ళు పులుసులో చింతపండుని దారం కట్టి ముంచి మళ్ళీ తీసేస్తారుట అని ఆట పట్టించారు! కోటమ్మకి ముందు ఒళ్ళు మండింది. నేను ఉత్తరాదిదాన్నేమిటి అని నోరు తెరవబోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా ఏదో గుర్తొచ్చి, పడీ పడీ నవ్వింది. లోపలికెళ్ళి మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, ఇదిగో నాంచారూ, ఇది దక్షిణాదిదీ కాదు ఉత్తరాదిదీ కాదు, ఇది కోటమ్మ మనవరాలు, ఎవరైనా అడిగితే అలా చెప్పు అంది. గోడమీదినించి అనకపోయినా వీధంతా వినబడింది.

అదర్రా కథ. దక్షిణాది అనేది ఒక ఊరు కాదు పూర్ణమ్మా. మనిషి నించున్న చోటునించి చాపే చెయ్యి. నువ్వు ఇంకాస్త కిందికి నించుంటే ఉత్తరాది పిల్లవి. నిన్నలా పిలిచిన పిల్ల పేరేమిటన్నావు, మీనల్ కదూ? వాళ్ళ అమ్మమ్మ ఊరు ఇంకా ఉత్తరాన అయితే, అక్కడ దాన్ని ఏమని పిలుస్తారో రేపు అడుగు. దెబ్బలాటకి కాదు సుమా. అడిగి, నీ డబ్బాలోది ఒక చెంచా దాని చేతిలో పెట్టు. బాలేదంటుంది. మళ్ళీ చెయ్యి చాపుతుంది, చూస్తూ ఉండు.

ఏమిటీ? పులిహోరలో వేరుశనగ పలుకులు ఇంకాసిని ఎక్కువ వెయ్యాలా? అలా అడుగు మరి! రెండు డబ్బాలు కడతాను. పువ్వులు కూడా పెడతాను, మూతి ముడవకపోతే.

బాచిగాడు పడుకున్నాడు. నువ్వూ పడుకో. కథ మూట సర్దుకుంది, వెళ్ళొస్తానంది, కంచికి బయల్దేరింది. కంచి ఎటుందో తెలుసా? దక్షిణాన. మన కథలన్నీ రోజూ రాత్రి అటే పోతాయి, ఒక్కటీ భయపడదు. ఇక మనం మన దుప్పట్లోకి. అటు కాదే, తలగడ ఇటు తిప్పుకో. దక్షిణానికి తల పెట్టుకుని పడుకో, మంచి కలలొస్తాయి.